బూజమ్మ పెరట్లో సాలీళ్లు

మా పెద్దమ్మ ఉద్యోగం బూజులు దులపడం. ఊళ్లోకెల్లా పెద్ద ఆఫీసు భవనంలో ఆమె పని అదొక్కటే. నేల ఊడవడానికి వేరే మనుషులుండేవారు, గాజు తలుపులు తుడవడానికి వేరే మనుషులుండేవారు. పైకప్పు మూలలు, మెట్ల కింది చీకటి, ఫైళ్ల గదిలో బీరువాల వెనకభాగం, ఎవరి చెయ్యీ అందని ఫ్యాను రెక్కలు మాత్రం పెద్దమ్మవి. మనిషి చూస్తే పొట్టి. అయినా ఆ పని ఆమెకే దక్కడానికి కారణం ఉంది. చేరిన కొత్తలో పొడుగు మనుషులందరూ మెడలు నొప్పెట్టి గోడకి చేరగిలబడితే, ఈమె ఒక్కతే స్టూలెక్కి, పొడవాటి బూజు కర్రతో గదంతా దులిపేసి, తల మీద బూడిదరంగు దుమ్ముతో బయటికొచ్చి "ఇంకే గది?" అని అడిగిందట. ఆ రోజే బూజమ్మ అని పేరు పడిపోయింది. పిలిచినవాళ్లు వెక్కిరింపుగా పిలవలేదు, ఆమె చిన్నబుచ్చుకోనూ లేదు. మేనేజరు కూడా "మన బూజమ్మ వచ్చిందా?" అనే అడిగేవాడు.

అలాంటి మనిషి ఇంటి వెనక పెరట్లో సాలెగూడు ఒక్కటి తెగినా ఊరుకునేది కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో చెప్పాలంటే ముందు మా పెద్దనాన్న గురించి చెప్పాలి.

పెద్దనాన్న లారీ మెకానిక్. ఆరడుగుల మనిషి. షెడ్డులో అందరూ ఆయన్ని కొండన్న అనేవారు. జాకీ సరిగ్గా కుదరకపోతే లారీ మూలని భుజంతో ఎత్తి పట్టుకున్నాడని చెప్పుకునేవారు. నిజమో కాదో నాకు తెలియదు గానీ, ఆ భుజాలు చూస్తే నమ్మబుద్ధేసేది. అంత మనిషికీ సాలీడు కనబడితే పై ప్రాణాలు పైనే పోయేవి. స్నానాల గదిలో గోడ మీద గోరంత సాలీడుని చూసి, ఒంటికి సబ్బుతోనే తువ్వాలు చుట్టుకుని వరండాలోకి పరుగెత్తుకొచ్చిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. పెళ్లైన కొత్తలో పెద్దమ్మ ఉద్యోగం ఏమిటో తెలిసినప్పుడు ఆయన మొహం వెలిగిపోయిందట. "ఇంతకంటే మంచి సంబంధం నాకెక్కడ దొరుకుతుంది?" అన్నాడట వాళ్లమ్మతో.

వాళ్లది ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్ల వరసలో చివరి ఇల్లు. ప్రతి ఇంటి వెనకా చాపలా పొడవుగా కాస్త నేల, ఇళ్ల మధ్య మోకాలెత్తు గోడ, చివర సందులోకి తెరుచుకునే చిన్న గేటు. నడివయసు దాటాక పెద్దమ్మకి ఆ నేల మీద మనసు పడింది. వంగ నాటింది, బెండ విత్తింది, చిక్కుడుకి కర్రలు పాతి పందిరి వేసింది. మొక్కలు ఏపుగా లేచాయి. వాటితోపాటే పురుగూ లేచింది. బెండాకుల కింద పచ్చదోమ, చిక్కుడు చిగుళ్ల నిండా పేనుబంక, వంగాకుల్ని జల్లెడ చేసే గొంగళ్లు.

పెద్దనాన్న దుకాణానికి వెళ్లి మందు సీసా, చేతి పంపూ పట్టుకొచ్చాడు. ఇద్దరూ మూతులకి గుడ్డలు కట్టుకుని కొట్టారు. మర్నాటికి పురుగంతా రాలిపోయింది. పెద్దనాన్న నడుం మీద చేతులు పెట్టుకుని యుద్ధం గెలిచినట్టు నిలబడ్డాడు. కొన్నాళ్లకి పురుగు మళ్లీ వచ్చింది, ఈసారి మునుపటికంటే దట్టంగా. మళ్లీ కొట్టారు. మళ్లీ వచ్చింది. మూడోసారికి బెండ మొక్కల ఆకులు అంచుల నుంచి పసుపెక్కి ముడుచుకుపోయాయి. పెద్దమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

ఒక ఉదయం ఆఫీసుకి వెళ్లేముందు టీ గ్లాసు పట్టుకుని పెరట్లో తిరుగుతోంది. నీళ్ల డ్రమ్ము వెనక ఒక వంగమొక్క ఉంది. డ్రమ్ము అడ్డం వల్ల దానికి మందు తగిలేది కాదు. మిగతావన్నీ చిల్లులు పడి ఉంటే అది మాత్రం ఆకు నలగకుండా నిలబడి ఉంది. దగ్గరికెళ్లి చూస్తే మొక్కకీ డ్రమ్ముకీ మధ్య చక్రంలాంటి గూడు. నడుమ పసుపు చారల సాలీడు తలకిందులుగా కూర్చుంది. గూట్లో ఒక పక్క తెల్లటి దారం చుట్టిన రెక్కల పురుగు. అలవాటు కొద్దీ పెద్దమ్మ చెయ్యి ఎత్తింది. అంతలో పక్క ఆకు మీద గింజంత సాలీడొకటి, గూడూ గీడూ ఏమీ లేనిది, కదిలింది. నాలుగడుగులు నడిచింది, ఆగింది, చటుక్కున దూకింది. దాని నోట్లో పచ్చదోమ.

పెద్దమ్మ ఎత్తిన చెయ్యి దించేసింది. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లింది.

"ఇన్నేళ్లూ వాటి ఇళ్లు కూల్చానే గానీ, అవి ఏం తింటాయో ఒక్కసారన్నా చూశానా?" అంది ఆ సాయంత్రం మా అమ్మతో.

పెద్దనాన్నతో ఆ మాట చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"మందు ఇక వద్దండీ."

"మరి పురుగో?"

"పురుగుని తినేవాళ్లున్నారు."

"ఎవరు?"

"సాలీళ్లు. మనం మందు కొట్టినప్పుడల్లా పురుగుతోపాటు వాటినీ చంపుకుంటున్నాం. పురుగేమో మళ్లీ పుట్టుకొస్తోంది. ఇవి అంత తొందరగా రావడం లేదు."

పెద్దనాన్న గ్లాసు కింద పెట్టేశాడు. "ఇప్పుడు ఎన్నున్నాయి?"

"ప్రస్తుతానికి తక్కువే. పెరుగుతాయిలెండి."

"పెరుగుతాయా!" అన్నాడాయన. ఆ ఒక్క మాటలో ఎంత దిగులుందో చెప్పలేను.

ఆయన వద్దని అనలేదు. పెద్దమ్మ కూడా ఆయన భయాన్ని చిన్నచూపు చూడలేదు. పెరట్లో గుమ్మం నుంచి కుళాయి దాకా ఒక దారి గీసింది. ఆ దారికి అడ్డంగా ఏ సాలీడైనా దారం కడితే, తెల్లారి దానికి ఎర్ర గుడ్డపీలిక వేలాడగట్టేది, ఆయన మొహానికి తగలకుండా. సాలీడు ఆ చోటు వదిలి పక్కకి పోయేదాకా పీలిక తీసేది కాదు. ఆయన గుమ్మంలో నిలబడి "దారి ఖాళీయేనా?" అని కేకేసేవాడు. "ఖాళీయే, రండి" అంటే గాని అడుగు బయటపెట్టేవాడు కాదు.

పెద్దమ్మకి పెద్ద చదువు లేదు, తోటపని ఎవరూ నేర్పలేదు. ఉన్నదల్లా ఓపిక. పొద్దున్నే చిన్న పీట వేసుకుని మొక్కల మధ్య కూర్చుని చూసేది. చూసిందల్లా నాకు చెప్పేది. నేల మీద పరుగులు పెట్టే బూడిదరంగు సాలీడుకి పోస్ట్‌మ్యాన్ అని పేరు పెట్టింది, తెల్లటి గుడ్ల మూట వెనక తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నట్టు తిరిగేదని. తరవాత తెలిసింది అది ఆడదని. గుడ్లు పగిలాక పిల్లలన్నీ వీపెక్కి కూర్చుంటే, వాటిని మోసుకుంటూ ఆకుల కిందికి దూరేది. "చూడవే, బస్సు టాపు మీద జనంలా ఎలా కూర్చున్నాయో" అని నన్ను పిలిచి చూపించింది. ఆకుల మీద గెంతేదానికి దూకుడుగాడని పేరు. పసుపు పూలలో పసుపు రంగులోనే ఒదిగి కూర్చునే దాన్ని మాత్రం దొంగమొహం అనేది. పూలకొచ్చిన తేనెటీగని కూడా అది పట్టేస్తుందని దాని మీద కాస్త కోపం. అయినా చంపేది కాదు. "దానికి మంచీ చెడూ ఏం తెలుసు, దగ్గరికొచ్చింది తింటుంది" అనేది.

మొక్కల మొదళ్లలో ఎండుటాకులు పరిచింది, నేల సాలీళ్లు తలదాచుకోవడానికి. కాపు అయిపోయిన మొక్కల్ని ఒకేసారి పీకకుండా కొన్నిటిని ఎండిన కొమ్మలతోనే ఉంచేది. పెరడు చూసినవాళ్లు ముక్కు మీద వేలేసుకునేవారు. ఊరందరి బూజులు దులిపే మనిషి ఇల్లు ఇలాగా అని.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. మందు మానేసిన ఆ ఏడాది చిక్కుడు మొత్తం పోయింది. పేనుబంక తీగల్ని నల్లగా కప్పేసింది, సాలీళ్లు దాని జోలికి పెద్దగా పోలేదు. పెద్దమ్మ ఆ తీగల్ని పీకి పడేస్తూ "ఇవేమైనా మన పాలేళ్లా, చెప్పిన పని చెయ్యడానికి?" అంది. తరవాత పేనుబంక కనిపిస్తే నీళ్ల గొట్టం పెట్టి కడిగేయడం మొదలెట్టింది. మరుసటి కాపుకి గూళ్లు బాగా పెరిగాయి. వంగాకుల మీద చిల్లులు తగ్గాయి, బెండ కాసింది. పుచ్చులు అసలు లేవని కాదు. ఏరి పారేయగా మిగిలినవి మా ఇంటికీ, పక్కింటికీ సరిపోయేవి.

ఆ ఊపులో ఒక పొరపాటూ చేసింది. ఆఫీసులో దులిపిన సాలీళ్లని ఊరికే చంపడమెందుకని ఖాళీ బిస్కెట్ డబ్బాకి మూత మీద చిల్లులు పొడిచి, వాటిని అందులో ఇంటికి తెచ్చేది. ఒకరోజు మేనేజరు డబ్బా చూసి "ఏం బూజమ్మా, ఇవాళ టిఫినేంటి?" అన్నాడట. "మీ గదిలోవే సార్" అని మూత తీసి చూపించిందట. ఆయన ఆ తరవాత ఎవరి డబ్బాలోకీ తొంగిచూడలేదని ఆఫీసులో చెప్పుకుని నవ్వుకునేవారు. ఇంతా చేస్తే, ఆ పొడుగు కాళ్ల ఇంటి సాలీళ్లకి ఎండా వానా పడలేదు. పెరట్లో వదిలినవి వదిలినట్టే గుమ్మం దాటి ఇంట్లోకి నడిచొచ్చాయి. పెద్దనాన్న ఆ వారమంతా మా ఇంట్లోనే పడుకున్నాడు.

"నాదే తెలివితక్కువ. గదుల్లో బతికేవి గదుల్లోనే బతుకుతాయి, తోటవి తోటలోనే" అని పెద్దమ్మ ఒప్పుకుని, వాటిని ఒక్కొక్కటే గ్లాసులో పట్టి కట్టెల కొట్లో వదిలేసి, ఆయన్ని తీసుకెళ్లడానికి వచ్చింది. "ఇల్లంతా వెతికాను, లేవు. మూలమూలా నేనే చూశాను. రండి" అంది. ఆ చూపు మీద ఆయనకి నమ్మకం. చెప్పులేసుకుని వెంట వెళ్లాడు.

ఇక అసలు సంగతి. ఒక ఏడాది వానలు ముగిశాక, ఆఫీసు మెట్ల దగ్గర స్టూలు జారి పెద్దమ్మ కిందపడింది. చీలమండ విరిగింది. కాలికి కట్టు కట్టి కదలొద్దన్నారు. పెరడు కనబడాలని వెనక గది కిటికీ పక్కన మంచం వేయించుకుంది. నేను రోజూ వెళ్లి వంట చేసి పెట్టేదాన్ని. పెరడు చూసేవాళ్లు లేక గూళ్లు ఇష్టమొచ్చినట్టు అల్లుకున్నాయి. పెద్దనాన్న దారి కూడా మూసుకుపోయింది. ఆయన కుళాయి వాడటం మానేసి వంటింటి నీళ్లతోనే సరిపెట్టుకున్నాడు.

పక్కింటావిడ బ్యూటీ పార్లరు నడిపేది. ఆమెకి గులాబీలంటే ప్రాణం. ఆ నెలలో గులాబీలకి గొంగళ్లు పట్టాయి. మందు కొట్టే మనిషిని మాట్లాడుకుంది. పాపం, పక్కింటి వదిన మంచాన పడిందని జాలిపడి, "ఆ పెరడు కూడా కొట్టెయ్యి, ఆవిడ లేచేసరికి శుభ్రంగా ఉంటుంది" అని అతనికి చెప్పి పార్లరుకి వెళ్లిపోయింది. మంచి చేద్దామనే చెప్పింది. మాకు మాత్రం తెలియదు.

నేను వంటింట్లో టీ పెడుతున్నాను. పెద్దనాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. వెనక సందులో మోటారు చప్పుడు. మరుక్షణం పెద్దమ్మ కేక.

"ఏవండీ! మన గేటు తీస్తున్నాడండీ! మందు!"

పరుగెత్తుకుంటూ వెళ్లాం. వీపున ట్యాంకు, మూతికి మాస్కు, చేతిలో గొట్టంతో ఒకతను గేటు లోపల నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని "ఆగు నాయనా, ఆగు!" అని అరుస్తోంది. మోటారు హోరులో అతనికి ఏం వినబడుతుంది? గొట్టం మొదటి వంగమొక్క వైపు తిప్పాడు.

పెద్దనాన్న గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆయన ముందు పెరడంతా ఎండలో మెరిసే దారాలు. ఒక చెంప మీద సబ్బు నురుగు అలాగే ఉంది. నేను వెళ్తానని ఆయన్ని తప్పించుకోబోయాను. అంత వెడల్పు మనిషి గుమ్మానికి అడ్డంగా ఉంటే ఎటు పోను? పెద్దమ్మ వెళ్లమని అనలేదు. ఆ ఒక్క మాట ఆమె నోటి నుంచి రాలేదు. ఆయన పక్కకి తల తిప్పి కిటికీలో ఆమె మొహం చూశాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దిగాడు.

గూళ్లు తెగుతున్న చప్పుడు ఉండదంటారు గానీ, ఆ రోజు నాకు ప్రతి దారం వినబడినట్టే ఉంది. చేతులు ముందుకు చాచి, కళ్లు మూసుకుని, మొక్కల మధ్య నుంచి నేరుగా నడిచి, గొట్టానికి ఎదురుగా రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.

మోటారు ఆగింది. అతను మాస్కు కిందికి లాగాడు.

"ఏమైంది సార్? పక్కింటమ్మ కొట్టమన్నారు."

"మా ఆవిడ వద్దంటోంది."

"సరే సార్, వద్దంటే వద్దు." అతను ఇంకోసారి చూశాడు. "సార్... మీ భుజం మీద..."

"తెలుసు. చెప్పకు."

పసుపు చారల పెద్ద సాలీడు, కాళ్లన్నీ చాపుకుని, ఆయన బనీను మీద మెడ వైపు నడుస్తోంది. పెద్దనాన్న పెదాలు తెల్లబడిపోయాయి. విదిలించుకోవడానికి చెయ్యి లేచింది, గాల్లోనే ఆగింది. విదిలిస్తే అది నలిగిపోతుందని ఆగానని తరవాత చెప్పాడు.

"కదలకండి" అంది పెద్దమ్మ కిటికీలోంచి. అరుపు పోయి గొంతు మెత్తబడింది. "అది మిమ్మల్ని చూసి హడలిపోయింది. ఊపిరి పీల్చుకోండి. ఒసే, ఎండుపుల్ల తీసుకుని దాని ముందు పెట్టు. తొయ్యకు. అదే ఎక్కుతుంది."

పుల్ల పెట్టాను. అది కాసేపు ఆలోచించి ఎక్కింది. తీసుకెళ్లి వంగకొమ్మ మీద దించాను. పెద్దనాన్న గుమ్మం దాకా నడిచొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. మందు కొట్టే అతనే కుళాయి తిప్పి నీళ్లు పట్టుకొచ్చి ఇచ్చాడు. పెద్దమ్మ కట్టుకాలితో మంచం దిగి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. పడిపోతావు పెద్దమ్మా అని నేను నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. ఆయన పక్కన కూర్చుని, జుట్టుకీ కనుబొమ్మలకీ అంటుకున్న దారాల్ని ఒక్కొక్కటే వేళ్లతో తీసింది. బూజు తీయడంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు.

"ఎన్ని గూళ్లు తెంపేశానో" అన్నాడాయన.

"మళ్లీ కట్టుకుంటాయి. వాటికదేం కొత్త కాదు" అంది. అని, మొహం ఆయన భుజానికి ఆనించి ఏడ్చింది.

సాయంత్రం పక్కింటావిడ పరుగున వచ్చింది. "వదినా, మంచికని చెప్పాను. నాకేం తెలుసు?"

"నీ తప్పేం లేదు వదినా. అడిగుంటే చెప్పేదాన్ని, అడగాలని నీకు తోచలేదు. అంతే."

ఆ రాజీ చూడముచ్చటైంది. గోడ పక్కనున్న గులాబీలకి మందు వద్దనుకున్నారు. మరి గొంగళ్లో అంటే పెద్దనాన్న లేచాడు. గొంగళ్లంటే ఆయనకేం భయం లేదు. షెడ్డు నుంచి పట్టకారు తెచ్చి, రోజూ పనికెళ్లేముందు వాటిని ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసేవాడు. పూలు అన్నీ దక్కలేదు, సగం దక్కాయి. పక్కింటావిడ సంతోషించింది. మరుసటి ఏడు గోడ పక్క కొమ్మల మీద గూళ్లు వెలిశాయి. ఒకరోజు పార్లరుకి వచ్చినవాళ్లతో "అవి మా వదినగారి సాలీళ్లు" అని ఆమె గొప్పగా చెబుతుంటే విన్నాను.

ఆ ఉదయం సంగతి పెద్దమ్మ ఎవరికీ నవ్వులాటగా చెప్పలేదు, మమ్మల్నీ చెప్పనివ్వలేదు. స్నానాల గది కథకి ఎంతైనా నవ్వండి, దీనికి మాత్రం నవ్వితే ఊరుకోనంది. "భయం లేనివాడు వెళ్లడం వేరు, ఆయన వెళ్లడం వేరు" అనేది.

కాలు కుదిరాక మళ్లీ ఆఫీసుకి వెళ్లింది, ఓపికున్నంత కాలం చేసింది. అక్కడ బూజులు దులపడం మానలేదు. జీతమిచ్చేది దానికే అనేది. గుడ్ల సంచి కనబడితే మాత్రం ఆ మూల వదిలేసి, పిల్లలు వెళ్లిపోయాక వచ్చి దులిపేది. ఆఫీసులో ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఉద్యోగం మానేశాక వచ్చిన మొదటి చలికాలం చివర, ఒక పొద్దున్న నన్ను పిలిపించింది. సన్నటి ఎండ, కొద్దిపాటి గాలి. ఎండిన వంగకొమ్మకి వేలాడే సంచి పగిలి, ఆవగింజలకంటే చిన్న పిల్లలు కొమ్మ కొసకి పాకుతున్నాయి. వాటి తల్లి ఎప్పుడో పోయింది. కొసకి చేరిన ప్రతిదీ వెనకభాగం పైకెత్తి, కంటికి ఆనీ ఆనని దారం గాలిలోకి వదిలేది. గాలి ఆ దారాన్ని అందుకునేది. పిల్ల లేచిపోయేది. ఒకటి, దాని వెనక ఇంకొకటి, గోడ మీదుగా, గులాబీల మీదుగా, ఇళ్ల కప్పుల మీదుగా.

పెద్దమ్మ పీట మీద కూర్చుని కళ్లప్పగించి చూస్తోంది. పెద్దనాన్న గుమ్మంలోనే నిలబడి, మెడ చాచి చూస్తున్నాడు.

"ఎటు పోతాయే అవి?" అన్నాడు.

"గాలి ఎటు తీసుకెళ్తే అటు."

గాలి కాస్త దిశ మారింది.

"ఇటు తిరిగితేనో?"

"కిటికీ వేసుకుని కూర్చోండి" అంది పెద్దమ్మ, కళ్లు తిప్పకుండానే.

ఆయన లోపలికెళ్లి కిటికీ వేశాడు. తిరిగొచ్చి, మళ్లీ గుమ్మంలోనే నిలబడ్డాడు.